దెబ్బలు తిన్న రేకు

నాలుగో రోజు కూడా సోములమ్మ చుట్ట ముట్టలేదు.

తోటగుడలో ఇది చిన్న సంగతి కాదు. నిప్పు కొస నోట్లో పెట్టుకుని, పొగ బయటికి పోనివ్వకుండా, అదే నోటితో ఊరందరికీ జవాబు చెప్పగల మనిషి ఆవిడ. భర్త సుక్రు పోయిన నాడు కూడా మధ్యాహ్నానికి ఒకటి ముట్టించింది. అలాంటిది మొన్న ఆదివారం పొద్దున వరండాలో అందరూ చూస్తుండగా చుట్టల కట్ట తీసుకెళ్ళి ఇంటి వాసంలో దోపేసింది. కొడుకు మిషన్లు ఎందుకు పగులుతున్నాయో తేలి, అవి పగలకుండా ఆపే దారి దొరికేదాకా దాన్ని ముట్టనని ఒట్టేసింది.

ఒట్టు వేసింది ఆవిడ. అనుభవిస్తున్నది ఇంట్లో వాళ్ళు.

కోడలు స్వర్ణతో మాటలు మానేసింది. చెప్పాల్సినవన్నీ కోళ్ళకు చెబుతోంది. "అంబలి ఇంత పల్సగా కాస్తే మనుసులు తాగుతారేటే?" అని నల్లపెట్టను అడుగుతుంది. నల్లపెట్ట జవాబు చెప్పదు. పొయ్యి దగ్గర స్వర్ణా చెప్పదు. కొడుకు ఫల్గుణ మాత్రం పోసింది తాగేసి, ఎవరి మొహమూ చూడకుండా షెడ్డుకు పోతాడు.

షెడ్డులో ఐదు డ్రమ్ములు వరసగా కూర్చుని అతని కోసం ఎదురుచూస్తుంటాయి.

కాఫీ పళ్ళ తోలు ఒలిచే చేతి మిషన్లవి. ఇనప కాళ్ళు, పక్కన తిప్పే పిడి, నడుమ డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ రేకు. రేకు మీద ఫల్గుణ సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టి లేపిన బొడిపెలు. పళ్ళు ఆ బొడిపెలకు రాసుకుని తోలు ఊడి, గింజలు కిందికి జారతాయి. కోసిన పళ్ళు కోసిన రోజే ఒలవాలి. మర్నాటికి పులుస్తాయి. అందుకే ఈ కొండల్లో మిషన్ ఆగిందంటే ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టే చూస్తారు.

ఏడో తరగతిలో బడి మానేసిన కమ్మరివాడు, ఏ కాలేజీ గుమ్మమూ తొక్కకుండా చేసిన మిషన్ అది. దాని కాలి మీద చుక్కలు చుక్కలుగా తల్లి పేరు కొట్టాడు. ఆ పేరే ఇప్పుడు కొంప ముంచింది.

మొదటి రెండేళ్ళూ రాగి రేకు వేసేవాడు. పంట సగంలోనే బొడిపెలు అరిగి చదునైపోయేవి. ఇత్తడి గట్టిది కదా, అది వేసి చూడమన్నది స్వర్ణ. నిరుడు పంతొమ్మిది మిషన్లకు ఇత్తడి వేశాడు. పంటంతా తిప్పినా ఒక్క బొడిపె అరగలేదు. సోములమ్మ సంతలో తలెత్తుకు తిరిగింది. ఈ యేడు పళ్ళు ఎర్రబడి, మిషన్లు బయటికి తీయగానే రేకులు పగలడం మొదలైంది. ఇప్పుడు ఏ ఊళ్ళో విన్నా ఒకటే మాట. సోములమ్మ పగిలిపోయింది. మా సోములమ్మకి ఇంకా పగులు రాలేదు. మీ సోములమ్మకి ఎక్కడ వచ్చింది, నడుం దగ్గరా?

ఎవరో ఒకాయన పట్నం నుంచి బూట్లు వేసుకుని వచ్చి డ్రమ్ములు చూసిపోయాడు కూడా. ముట్టుకోలేదు, ఫొటోలు తీసుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఇంగ్లీషులో ఒక ముక్క పంపాడు. స్వర్ణ చదివి చెప్పింది: వాడేవాళ్ళకు వాడటం తెలియక పగిలాయట. చదువుకున్నవాడికి ఏ కారణమూ తోచనప్పుడు చదువుకోనివాడి చేతులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి అనుకున్నాడు ఫల్గుణ. అనుకుని ఊరుకోక, ఆ కోపంలో ఇంకో మాట కూడా జారాడు. శుక్రవారం సంతకు కాఫీ రైతులంతా వస్తారు. వాళ్ళ ముందు తను కారణం చెప్పలేకపోతే షెడ్డుకు తాళం వేసి, అదే రోజు బావమరిది రవికుమార్ తెచ్చే జీపెక్కి సీలేరు పోతానన్నాడు. అక్కడి కాలనీలో ఫిట్టరు పని చూసి పెట్టానని రవికుమార్ ఏడాదిగా అంటున్నాడు.

అందరూ ఆ మాటకు వెంటనే ఒప్పుకున్నారు. అతన్ని ఎక్కువ నొప్పించింది అదే.

ఇవాళ బుధవారం.

ఆటో వచ్చి వరండా ముందు ఆగింది. అందులోంచి ఆరో డ్రమ్ము దిగింది. దాని వెనక ఫల్గుణ చెల్లెలు రాజకుమారి దిగింది. పైగుడలో కాపురం. ఎప్పుడు వచ్చినా ఆటో ఆగకముందే వినబడే గొంతు, ఇవాళ దిగాక కూడా వినబడలేదు.

డ్రమ్మును గడప ముందు పెట్టి, మెట్టు మీద కూర్చుంది. స్వర్ణ చెంబుతో నీళ్ళు తెచ్చింది. రాజకుమారి చెంబు వైపు చూడలేదు.

"రాగి నీకేటి అపకారం సేసింది ఒదినా?" అంది.

స్వర్ణ చెంబు పక్కన పెట్టింది. "పంట సగంలో బొడిపెలు అరిగిపోతన్నాయని ముందటేడు ఏడ్సినావు గదా, మర్సిపోనావా?"

"అరిగినా తిరిగేది."

"రోజుకి రెండు బుట్టలు తిరిగేది. ఇత్తడికి ఆరు బుట్టలు తిరిగింది. అప్పుడు మా ఒదినే మా ఒదినే అని ఊరంతా సెప్పింది ఎవులు?"

"ఇప్పుడూ మా ఒదినే అనే సెప్తన్నాను," అంది రాజకుమారి.

వరండా మూల నుంచి సోములమ్మ కోళ్ళకు గింజలు విసిరింది. రాగి వాడిన రోజుల్లో తన పేరు ఎంత బాగుండేదో వాటికి వివరంగా చెప్పింది. ఫల్గుణ షెడ్డులోంచి వచ్చి, ఎవరినీ పలకరించకుండా డ్రమ్ము ముందు గొంతుక్కూర్చున్నాడు.

పగులు ఒక బొడిపె అంచున మొదలై పక్క బొడిపెకు పాకి, అక్కడి నుంచి ఇంకోదానికి పోయింది. అంచులు కత్తితో కోసినంత నున్నగా ఉన్నాయి. లాగితే తెగిన రేకైతే అంచు సాగి పల్చబడాలి. ఇది సాగలేదు. ఐదింటికీ ఇదే తీరు. ఎండిన మడిలో నెర్రెల్లా.

ఆ నెర్రెల మీద గోరు పెట్టి నడిపిస్తుండగానే సాలూరు బస్సు వచ్చింది.

బస్సు దిగి ఎర్ర తువ్వాల్లో చుట్టిన పొడుగాటి మూట భుజాన వేసుకుని వస్తున్నది పోలయ్య. సాలూరులో ఇత్తడి రేకు అమ్మే ముసలాయన. తాతల నాటి నుంచి బిందెలు కొట్టిన ఇంటివాడు, ఇప్పుడు కొట్టే ఓపిక లేక రేకు చుట్టలు అమ్ముకుంటున్నాడు. సోమవారం నాడు ఫల్గుణ ఆయనకు ఫోన్ చేసి ఆ రేకు రేకే కాదని, కలిపి పోసిన చెత్త అని నాలుగు మాటలు అనేశాడు. ఆయన ఫోన్‌లో ఒక్క మాటా తిరిగి అనలేదు. మంగళవారం బస్సు దొరక్క ఇవాళ వచ్చాడు.

"ఏటి బాబూ, నా రేకు రేకు కాదా?" అన్నాడు చెప్పులు విప్పుతూనే.

ఫోన్‌లో తిట్టిన మనిషి ఎదురుగా వచ్చి, మోకాలు పట్టుకుని మెట్టెక్కుతుంటే తిట్లు ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. కూర్చో సావుకారూ అన్నాడు ఫల్గుణ. కూర్చోనన్నాడు పోలయ్య. తువ్వాలు విప్పాడు. నిరుడు ఫల్గుణకు కోసి ఇచ్చిన చుట్టలోనే మిగిలిన ముక్క. కావాలని దాచలేదు, కొనేవాడు రాక మిగిలిందని నిజమే చెప్పాడు.

ఇద్దరూ షెడ్డులోకి పోయారు. వెనకే ఆడవాళ్ళు పోయారు. సోములమ్మ పోలేదు కానీ, కోళ్ళను షెడ్డు వైపు తోలుకుని వాటి వెనక నిలబడింది.

పోలయ్య వేలెడు వెడల్పు పట్టీ కోసి, ఇటు మడిచి అటు మడిచి చూపించాడు. పగల్లేదు. దిమ్మ మీద పెట్టి గిన్నెలా గుంట పడేదాకా కొట్టాడు. పగల్లేదు. ఆ వయసులో ఆయన సుత్తి దెబ్బ పడుతున్న తీరు చూసి ఫల్గుణ తన కోపం సంగతి మర్చిపోయాడు. ఒకదాని పక్కన ఒకటి, మల్లెమొగ్గలు గుచ్చినట్టు పడుతోంది.

"ఇది చెత్తయితే నా సేతులూ చెత్తే," అన్నాడు పోలయ్య సుత్తి కింద పెట్టి.

"మరయితే తిప్పడంలోనే తప్పుందంటావా? బూట్లాయన అన్నదే నిజమా?" అన్నాడు ఫల్గుణ. ఆ ప్రశ్న పోలయ్యకు వేసినా చూపు చెల్లెలి మీదికి పోయింది. రాయి పడిందా, ఎండు పళ్ళు వేశావా, పిడి ఎవరైనా బలంగా లాగారా అని ఒకదాని వెనక ఒకటి అడిగాడు.

రాజకుమారి తల దించుకుంది. కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఇంతసేపూ ఒదినెతో అంత ధీమాగా పోట్లాడిన మనిషి ఎందుకు నీళ్ళు నములుతోందో ఎవరికీ అర్థం కాలేదు.

"అన్నియ్యా, నాను తిప్పనేదు," అంది చివరికి.

"తిప్పకపోడమేటి?"

"గోనె ఇప్పినాను. అప్పటికే ఇలాగే ఉంది. పిడి మీద సెయ్యి కూడా ఎయ్యనేదు. కూకున్న మిషను కూకున్నట్టే పగిలిపోనాదంటే ఎవులు నమ్ముతారు? అందుకే తిప్పితే పగిలిందని సెప్పినాను."

ఇన్ని రోజులూ ఫల్గుణ పగులును పిడి దగ్గర వెతికాడు, ఇరుసు దగ్గర వెతికాడు, పళ్ళలో రాళ్ళు వెతికాడు. అది పని చేస్తుండగా రాలేదు. పడుకుని ఉండగా వచ్చింది. మిగిలిన ఐదుగురిలో ఎంతమంది ఇలాగే సిగ్గుపడి అబద్ధం చెప్పారో అనుకుంటే అతనికి చెల్లెలి మీద కోపం రాలేదు.

స్వర్ణ గొంతు సవరించుకుంది. నాలుగు రోజులుగా భర్తతో కూడా అవసరానికి మించి మాట్లాడని మనిషి.

"పగిలినోళ్ళందరూ తెచ్చి నీ ముందు పెట్టినారు. ఆటినే సూత్తన్నావు. పగలనివి పదమూడున్నాయి. ఒక్కటయినా సూసినావా?"

ఫల్గుణ సుత్తి వైపు చూశాడు, డ్రమ్ము వైపు చూశాడు. చూడలేదు. బాగున్నదాన్ని ఎవరు తెస్తారు? బాగున్నదాని దగ్గరికి ఎవరు పోతారు?

ఐదు నిమిషాల్లో బండి తీశాడు. వెనక స్వర్ణ ఎక్కింది. సీటు మీద ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. పోలయ్యకు అంబలి పొయ్యమని సోములమ్మ నల్లపెట్టకు చెప్పడం గేటు దాకా వినబడింది. రాజకుమారి లేచి పోసింది.

మొదట అచ్చియమ్మ ఇంటికి పోయారు. ఆ చుట్టుపక్కల అచ్చియమ్మంత బద్ధకస్తురాలు లేదని ఆవిడే ఒప్పుకుంటుంది. బండి చప్పుడు విని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఎంత పిలిచినా రాదు. చివరికి తలుపు సందులోంచే మాట్లాడింది. మిషను ఇంట్లో పెట్టడానికి ఓపిక లేక చూరు కిందే వదిలేశానని, వానాకాలమంతా తడిసిందని, తిట్టొద్దని అంది.

మిషన్ చూరు కింద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇనప కాళ్ళు తుప్పు పట్టి ఎర్రగా రాలుతున్నాయి. పిడి తిప్పితే పంది పిల్ల అరిచినట్టు అరిచింది. ఫల్గుణ మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా అంచుతో డ్రమ్ము తుడిచాడు. వేలితో తడిమాడు. తలకాయ లోపల పెట్టి చూశాడు.

ఒక్క నెర్రె లేదు.

తలుపు తీసి అచ్చియమ్మ బయటికి వచ్చేసరికి ఆ పెద్దమనిషి తుప్పు పట్టిన మిషన్ను కావిలించుకుని కూర్చున్నాడు. బాగానే ఉన్నాడా అని ఆవిడ స్వర్ణను అడిగింది.

అక్కడి నుంచి బుధు ఇంటికి. అతను మిషన్ను పొయ్యి మీది అటక ఎక్కించాడు. మసి పట్టి నల్లగా ఉంది. పగులు లేదు. ఇంకో ఇంట్లో మంచం కింద, ఇంకో ఇంట్లో కాఫీ తోటలోనే గోనె కప్పి. పగుళ్ళు లేవు. ప్రతి ఇంటి దగ్గరా స్వర్ణ బాల్ పెన్నుతో అరచేతి మీద ఒక గుర్తు వేసుకుంది. ఆ తర్వాత పగిలినవాళ్ళ ఇళ్ళకు పోయారు. ఎక్కడ పెట్టారని అడిగితే వాళ్ళంతా గర్వంగా, నొచ్చుకుంటూ ఒకే చోటు చూపించారు.

పశువుల సాల.

చైత్ర పండగకి నాగలితో పాటు మిషన్‌కూ పసుపు పెట్టారు. వానలు దిగి దున్నడం అయిపోయాక, నాగలితో పాటు మిషన్నూ శుభ్రంగా కడిగి, గోనె చుట్టి, సాలలో పైకి కట్టారు. ఇంట్లో అన్నిటికన్నా పొడిగా ఉండే చోటది. నాలుగు నెలలు పశువులు బయటికి పోకుండా అక్కడే ఉంటాయి. ఆఖరి ఇంటి సాలలోకి తల పెట్టేసరికి మూత్రం ఘాటుకు ఫల్గుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల తీయలేదు. అలాగే నిలబడి కళ్ళు తుడుచుకుంటూ పీల్చాడు.

"ఈ కంపు నా కళ్ళనే ఇంత సేత్తంటే," అన్నాడు, "నాలుగు నెలలు దీంట్లో వేలాడినదాన్ని ఏటి సెయ్యదు?"

బయట ఆ ఇంటాయన మాత్రం ఇంకా నొచ్చుకుంటూనే ఉన్నాడు. నిరుడు మిషను ఇచ్చినప్పుడు ఫల్గుణ చెప్పిన మాట తను పొల్లు పోకుండా పాటించానన్నాడు. వానలో తడవనివ్వకండి, నాగలి ఎక్కడ పెడతారో దీన్నీ అక్కడే పెట్టండి అని చెప్పలేదా?

చెప్పాడు. పంతొమ్మిది ఇళ్ళలోనూ చెప్పాడు.

తిరుగుదారిలో బండి ఘాట్ దిగుతుండగా వెనక సీటు అదరడం మొదలైంది. టైరు పోయిందేమోనని ఫల్గుణ బ్రేకు వేశాడు. టైరు కాదు. స్వర్ణ నవ్వు ఆపుకోలేకపోతోంది.

"నీ మాట ఇన్నోళ్ళవే పగిలినాయి," అంది ఊపిరి తిప్పుకుని. "ఇననోళ్ళవి బాగున్నాయి. ఇరవై ఏళ్ళుగా నాను సేత్తన్నదే రైటు."

అతనికీ నవ్వొచ్చింది. నవ్వుతుండగానే సంత గుర్తొచ్చి ఆగిపోయింది. కారణం దొరకడం వేరు. పదిమందిలో నిలబడి, ఆ కారణంలో సగం నేనే అని చెప్పడం వేరు. స్వర్ణ అతని మౌనం గమనించినట్టుంది. ఇద్దరి మధ్య చోటు వదలకుండా ముందుకు జరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే అందరూ ఒప్పుకున్నారు, సోములమ్మ తప్ప. ఆవిడ నల్లపెట్టను ఒళ్ళోకి తీసుకుంది.

"ఆవుల మెళ్ళో గంటలు ఇత్తడివి కావేటే? మా అత్త నాటి గంటలే అయి. ఏ యేటికి ఆ యేడు ఆ సాలలోనే ఉంటన్నాయి. ఒక్కటి పగిలిందేటి? మూత్రమట. సదువుకున్న కోడలు సెప్పింది, ఈడు ఇన్నాడు."

గంటల సంగతి ఫల్గుణకు తట్టనే లేదు. ముసలిది కోపంతో అన్నా తప్పుగా అనలేదు. సాలే కారణమైతే గంటలు ముందు పగలాలి.

పోలయ్య అంబలి గిన్నె కింద పెట్టాడు. గంటలు పోత పోసినవి కదా అన్నాడు నెమ్మదిగా. కరిగించి అచ్చులో పోస్తారు. వాటి మీద సుత్తి పడదు. ఈ రేకు మీద ఫల్గుణ ఎన్ని దెబ్బలు కొట్టాడు? ఒక్కో బొడిపెకు రెండు. డ్రమ్ముకు వెయ్యికి పైన. ఆ పైన వంచి, బిగలాగి కట్టాడు. రెండూ ఇత్తడే, కానీ ఒకటి సుఖంగా పుట్టింది, రెండోది దెబ్బలు తింటూ పుట్టింది.

ఆ మాటకు సోములమ్మ చేతిలో కోడి జారి కింద పడింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. నాలుగు రోజుల్లో మొదటిసారి కొడుకు వైపు తిన్నగా చూసింది.

"మీ బాబు ఇత్తడి కొడితే ఊరికే ఒదిలీవోడు కాదురా," అంది. "కొట్టడం అయిపోనాక ఊక నిప్పుల్లో కూకోబెట్టీవోడు. ఎర్రగా కాల్సడం కాదు. గడ్డిపరక ఆనిత్తే కందినట్టు అయ్యీదాకా, అంతే. ఎందుకు మావా అంటే, దెబ్బలు తిన్న రేకు కోపంగా ఉంటాది, కోపం దిగీదాకా నిప్పు కాడ కూకోవాల అనీవోడు. నాను రంగు కోసమనుకున్నాను."

ఫల్గుణ తండ్రి దగ్గర ఇనుము నేర్చుకున్నాడు. ఇత్తడి నేర్చుకోలేదు. నేర్చుకునే లోపే ఆయన పోయాడు. రాగి మెత్తనిది, ఆ రెండేళ్ళూ పట్టించుకోలేదు. ఇత్తడికి మారినప్పుడు ఇంట్లోనే ఉన్న ఆ సంగతిని అడిగినవాడు లేడు, చెప్పినవాళ్ళు లేరు. ముగ్గురు మనుషుల దగ్గర మూడు ముక్కలుగా పడి ఉంది.

ఇక పొద్దు వాలకముందే పని కావాలి. పోలయ్య తెచ్చిన రేకులోంచి రెండు పట్టీలు కోశాడు ఫల్గుణ. రెండింటి మీదా ఒకే సుత్తితో బొడిపెలు కొట్టాడు. రెండింటినీ గాజుల్లా వంచి తీగతో బిగించాడు. ఒకదాన్ని తండ్రి చేసినట్టే ఊక నిప్పుల్లో కూర్చోబెట్టాడు. గడ్డిపరక కందింది. తీసి చల్లారనిచ్చి, గుర్తుకు ఎర్ర దారం కట్టాడు. రెండోదాన్ని అలాగే వదిలేశాడు.

నాలుగు నెలలు ఆగడానికి లేదు. పోలయ్య సలహా మీద రాజకుమారి ఒక కుండ అడుగున పాత మూత్రం పోసి, గుప్పెడు సున్నం వేసింది. వేయగానే ముక్కు పట్టుకుని పరిగెత్తింది. రెండు గాజులనూ అందులో మునగకుండా, ఆ కంపు తగిలేలా వేలాడదీశారు. చెరో కుండలో పెట్టొచ్చు కదా అంది రాజకుమారి. ఒకే కుండలో ఒకే కంపు తగిలితేనే, తేడా నిప్పు వల్ల వచ్చిందో కాదో తెలుస్తుందన్నాడు ఫల్గుణ. పోలయ్య తలూపాడు.

మూత పెట్టి మట్టితో మెత్తారు. సోములమ్మ అందరినీ పక్కకు జరిపి, పచ్చి మట్టి మీద తన బొటనవేలు గట్టిగా నొక్కింది. పేరు తనది కాబట్టి వేలిముద్రా తనదే అంది. శుక్రవారం దాకా ఎవరు ముట్టినా చేతులు విరగ్గొడతానంది. ఇది కోళ్ళకు చెప్పలేదు, మనుషులకే చెప్పింది.

గురువారం ఎలా గడిచిందో చెప్పుకోవడానికి ఏమీ లేదు. పోలయ్య బస్సు తప్పిపోయిందన్నాడు. బస్సు తప్పలేదని, ఆయనే దానికి తప్పుకున్నాడని అందరికీ తెలుసు. ఫల్గుణ ఐదుసార్లు కుండ దగ్గరికి వెళ్ళాడు. ఐదుసార్లూ అక్కడ తల్లి కూర్చునే ఉంది. వాసంలో చుట్టల కట్ట వైపు ఒకసారి, కుండ వైపు ఒకసారి చూస్తూ.

శుక్రవారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. రోడ్డు మీద జీపు హారను రెండుసార్లు మోగింది. మంచులోంచి రవికుమార్ వచ్చాడు. కొత్త స్వెటర్, చేతిలో బావ కోసం తెచ్చిన ఫిట్టరు యూనిఫాం మడత. ఇంటి ముందు గుంపును చూసి ఎవరికి ఏమైందని అడిగాడు. కుండ చుట్టూ స్వర్ణ, రాజకుమారి, మూడు రోజుల చొక్కాతో పోలయ్య, ఎన్నడూ పొద్దున్నే లేవని అచ్చియమ్మ కూడా ఉన్నారు. అక్కను పక్కకు పిలిచి అడిగితే ఆవిడ నోటి మీద వేలు పెట్టింది.

సోములమ్మ తన వేలిముద్ర చెదరలేదని అందరికీ చూపించి, మట్టి పగలగొట్టింది. ఘాటుకు అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. దారం లేని గాజును మొదట బయటికి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

ఫల్గుణ మంచు వెలుగులో తిప్పి చూశాడు. రంగు కాస్త నల్లబడింది. అంతే. గుండ్రంగా, నిండుగా ఉంది. అతని చూపు యూనిఫాం మడత మీదికి పోయింది.

"వంచి సూడు బాబూ," అన్నాడు పోలయ్య.

బొటనవేలితో కొద్దిగా నొక్కాడు. అప్పడం విరిగినట్టు విరిగింది. రెండు ముక్కలు కావు, నాలుగు. ప్రతి ముక్కా బొడిపె అంచునే తెగింది. అంచులు సాగలేదు, నున్నగా ఉన్నాయి. రాజకుమారి డ్రమ్ములాగే. మిగతా ఐదింటిలాగే.

అందరి కళ్ళూ కుండ వైపే ఉన్నాయి. పగులు ఎందుకు వచ్చిందో తెలిసింది. దాన్ని రాకుండా ఆపగలడో లేదో ఎర్ర దారానికి వేలాడుతోంది. అది కూడా విరిగితే సంతలో చెప్పడానికి కారణం ఉంటుంది, చెయ్యడానికి మిషన్ ఉండదు.

సోములమ్మ మళ్ళీ చెయ్యి పెట్టింది. ఎర్ర దారం పట్టుకుని లాగి, అందరికీ వీపు తిప్పింది. ఆవిడ మోచేతులు కదలడం మాత్రం కనిపించింది. నొక్కుతోందో, వంచుతోందో తెలియదు. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత చేతిలోది కొంగులో మూట కట్టి బొడ్లో దోపుకుని ఇటు తిరిగింది. మొహం రాయిలా ఉంది.

"అమ్మా, ఏటయింది?" అన్నాడు ఫల్గుణ.

"సంతలో సెప్తాను. ఊరూరా పగిలింది నా పేరు. నానే సెప్తాను."

"మరి జీపు?"

"ఎక్కుతానని మాటిచ్చినావు గదా. ఎక్కు. ముందు సంత కాడ ఆపమందాం."

రవికుమార్ యూనిఫాం చాచాడు. ఫల్గుణ అందుకోలేదు, వద్దనీ అనలేదు. స్వర్ణ మాత్రం అత్త మొహం వైపే చూస్తోంది.

సోములమ్మ మెల్లగా వరండా ఎక్కింది. మునివేళ్ళ మీద లేచి వాసంలోకి చెయ్యి పెట్టింది. ఐదు రోజుల దుమ్ము దులిపి, కట్టలోంచి ఒక చుట్ట లాగి, కొస కొరికి ఉమ్మేసింది.

"గుంటా," అంది, "అగ్గిపెట్టి ఇలా తే."

అలవాటు కొద్దీ నల్లపెట్ట తలెత్తింది. కానీ సోములమ్మ చూస్తున్నది దాని వైపు కాదు, కోడలి వైపు.